రెండుసార్లు తిరిగిన చెంబోత్తు

మా ప్రెస్‌లో కొత్తగా చేరినవాళ్ళకి పాతవాళ్ళు చెప్పే కథల్లో నా కథ కూడా ఒకటి ఉందని ఈమధ్యే తెలిసింది. నూలు మిల్లు లేబుల్ మీద పక్షి తప్పు దిక్కు చూస్తూ అచ్చయిందట. బొమ్మ వేసినావిడ చూసుకోక అలా వేసిందట. నేను దాన్ని సరైన దిక్కుకి తిప్పి మిల్లు పరువు నిలబెట్టానట. కళ్ళు సహకరించక పని మానేసి ఇంట్లో కూర్చున్న నన్ను చూడటానికి ఇప్పుడు ప్రెస్‌లో పనిచేసే మీలో ఒకతను పండ్లు పట్టుకుని వచ్చాడు. "చెంబోత్తుని తిప్పినవారు మీరే కదా" అని దణ్ణం పెట్టాడు. దణ్ణం తీసుకుని ఊరుకున్నాను. అతను వెళ్ళాక పండు ఒలిచాను గాని తినబుద్ధి కాలేదు.

అందుకే ఇది రాస్తున్నాను. ఆ పక్షిని నేను తిప్పిన మాట నిజమే. రెండుసార్లు తిప్పాను. మొదటిసారి తిప్పిన సంగతి మీకు ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే నేను చెప్పలేదు.

నా తెలుగు రాతలో తప్పులుంటే సర్దుకోండి. రాజపాళయంలో మా ఇళ్ళలో మాట్లాడేది తెలుగు, బడిలో రాసేది తమిళం. తెలుగు అక్షరాలు నేను పలక మీద దిద్దుకోలేదు. ప్రెస్‌లో రాతి మీద దిద్దుకున్నాను, అదీ తిరగేసి. మిల్లు నూలు ఆంధ్ర దేశపు నేతగాళ్ళ దాకా పోయేది కనక లేబుల్ మీద వాళ్ళ అక్షరాలు కూడా ఉండాలి. మా మేస్త్రి ఆ అక్షరాలు నాకు నేర్పాడు. చాలాకాలం వరకు తిరగేసి రాస్తేనే నా చెయ్యి సాగేది. నేరుగా రాయమంటే తడబడేవాణ్ణి.

మీరు ఇప్పుడు వేరే మిషన్ల మీద పనిచేస్తున్నారు కనక ఒక్క మాట చెప్పాలి. అప్పుడు బొమ్మని నున్నటి రాతి మీద గీసి, దాని మీద కాగితం అదిమి అచ్చు తీసేవాళ్ళం. ముద్రలాగే రాతి మీద కుడివైపు ఉన్నది కాగితం మీద ఎడమవైపు వస్తుంది. అందుకని రాతి మీద అన్నీ తిరగేసి గీయాలి, అదీ రంగుకొక రాయి. రోజంతా ఆ పని చేసి బయటికి వస్తే మాకు ఎడమా కుడీ ఒకటైపోయేవి. మా మేస్త్రి ఒకసారి ఎదురొచ్చే ఎద్దుల బండికి తప్పుకోబోయి నేరుగా దాని మీదికే పోయాడు. బండివాడు తిడుతుంటే, "లేదప్పా, రాతి మీద అయితే నేను తప్పుకున్నట్టే" అన్నాడు.

నూలు కట్ట మీద అంటించే లేబుల్‌కి బొమ్మే ప్రాణం. కొనే నేతగాడు చదవలేకపోయినా, ఏనుగు నూలు, దీపం నూలు అని బొమ్మ పేరుతో అడుగుతాడు. మా ఊరి మిల్లు ఒకటి కొత్త నూలు తెస్తూ చెంబోత్తు బొమ్మ కావాలంది. ఆంధ్రలో దీన్ని జెముడుకాకి అంటారట. కాకి అంత ఉంటుంది, ఒళ్ళు నలుపు, రెక్కలు తోమిన రాగి చెంబు రంగు, కళ్ళు ఎరుపు. ఎగరడం కన్నా నడవడం ఎక్కువ. పత్తి చేల గట్ల మీద, కంచెల్లో తిరుగుతుంది. మా వైపు పని మీద బయలుదేరినవాడికి అది ఎడమనించి కుడికి దాటితే మంచిదని నమ్మకం. వలం పోయినాది, అంటే కుడికి పోయింది, అని సంతోషపడతారు. కుడినించి ఎడమకి దాటితే ఇంటికి తిరిగొచ్చి, కాసిని నీళ్ళు తాగి, మళ్ళీ బయలుదేరతారు.

మిల్లు భాగస్తుల్లో ఒకాయనకి ఒక చెల్లెలు ఉండేది. చిన్నతనంలోనే భర్త పోయి అన్న ఇంటికి వచ్చేసింది. పక్షుల బొమ్మలు వేసేది. ఆ ఇంటి ఆడవాళ్ళు బజారుకి రారు. ఎక్కడికి పోయినా తెర కట్టిన గూడుబండిలో పోవాలి. కొండ కింద ఉన్న వాళ్ళ మామిడితోటకి కూడా అలాగే పోయేది. బండివాడు ఎద్దుల్ని విప్పి పక్కకి తోలుకుపోతే ఆమె తెర సందులోనించి చూస్తూ కూర్చునేది. మనిషిని చూస్తే ఎగిరిపోయే పక్షులు బండిని లెక్కచేసేవి కావు. చక్రం కిందికి వచ్చి పురుగులు ఏరుకునేవి. ఊళ్ళో మగవాళ్ళెవరూ అంత దగ్గరగా చూడని పక్షుల్ని ఆమె ఆ బండిలో కూర్చుని చూసింది. అన్నగారికి ఈ బొమ్మల పని మీద గొప్ప ఇష్టమేమీ లేదు. మిల్లుకి పనికొస్తుంది అన్నందుకు ఒప్పుకున్నాడు. ఆమెకి మాత్రం తోటకి పోవడానికి, రంగులు తెప్పించుకోవడానికి అదొక్కటే దారి.

బొమ్మ చూసి రంగులు సరిపోల్చుకోవడానికి నన్ను వాళ్ళింటికి పంపేవారు. పెరటి వసారాలో నేను ఇవతల, తలుపు అవతల ఆమె. రంగుల ముక్కలు గడప మీద పెట్టేవాణ్ణి, ఆమె చూసి తిరిగి గడప మీద పెట్టేది. మొదట్లో మాటలు తక్కువ. తర్వాత్తర్వాత తలుపు కొంచెం తెరుచుకుంది.

"ఏమప్పా, ఈ నలుపు బొగ్గు మాదిరి ఉండాదే. నువ్వు చెంబోత్తుని చూసినావా, చూడలేదా?"

"చూసినాను అక్కా. మంసాపురం నించి సైకిల్లో రోజూ వస్తా ఉండాను, దావంతా అవే."

"సైకిల్లో పోతా చూస్తే నలుపే. నిలబడి చూడు. నలుపు మీద నూనె పూసిన మాదిరి నీలం వస్తాది."

నిలబడి చూశాను. వచ్చింది. మేస్త్రితో చెబితే, "ఆ నీలానికి ఇంకో రాయి కావాల. ఆ అక్క వచ్చి మోస్తాదా?" అన్నాడు. అయినా ఇంకో రాయి ఎక్కించాడు.

ఆ బొమ్మని మీరు లేబుల్ మీద చూశారు గాని అసలు పటం చూడలేదు. చెంబోత్తు ఒక కంచె ముందు, పత్తిచెట్టు పక్కనించి నడిచిపోతూ ఉంటుంది. ఒక కాలు నేల మీద ఉంది, ఇంకోటి ఎత్తింది, ఇంకా పెట్టలేదు. ఎక్కడ పెట్టాలా అని ఆలోచిస్తున్నట్టు ఉంటుంది. అది ఎడమనించి కుడికి నడుస్తోంది.

పటం మీద పల్చటి కాగితం పరిచి గీతలు తీసుకున్నాను. ఆ కాగితంలో బొమ్మ రెండు పక్కలా కనబడుతుంది. దాన్ని రాతి మీద బోర్లించాలి. ఆ రోజు అచ్చంగా ఏం జరిగిందో నాకే తెలియదు. బోర్లించినదాన్ని ఏదో పనికి తీసి, మళ్ళీ వేసేటప్పుడు వెల్లకిలా వేసి ఉంటాను. దాన్ని బట్టే గీశాను. మిగతా రంగుల రాళ్ళన్నీ మొదటి రాతిని బట్టి వచ్చేవే కనక అన్నిట్లోనూ అలాగే వచ్చింది. అక్షరాలు మేస్త్రి విడిగా ఎక్కించాడు, అవి సరిగ్గా ఉన్నాయి. అచ్చు తీసి చూసినప్పుడు నాకు ఏ తేడా కనబడలేదు. అంతకాలం రాతి మీద అటూ ఇటూ చూసి చూసి, పక్షి ఎటు నడిచినా నా కంటికి సరిగానే ఉండేది. మేస్త్రి కంటికీ అంతే.

ఒకసారి ఆమెకి చూపించి వస్తానని మా ప్రెస్ యజమానిని అడిగాను. మొదలాళి అని పిలిచేవాళ్ళం ఆయన్ని.

"రంగులు చూసినాది గదా. ఇంకేం చూడాల? దీపావళి సరుకు పోవాల, ముందు కట్టలకి అంటించు."

గట్టిగా అడిగి ఉంటే పంపేవాడే. అడగలేదు.

కట్టలు పోయాయి, వెనక్కి వచ్చాయి. కొత్తగా పడుగు పెట్టుకునే నేతగాడు ఎడమకి పోయే చెంబోత్తుని ఎదురుగా పెట్టుకుని పని మొదలుపెడతాడా? మా జిల్లా ఊళ్ళలో ఒక్క కట్ట కూడా దుకాణం దాటలేదు. కబురు వినగానే నేను సొరుగులోనించి పటం తీసి లేబుల్ పక్కన పెట్టాను. రెండు పక్షులూ ఒకదానికొకటి ఎదురుగా నిలబడ్డాయి. మేస్త్రి నా భుజం మీదినించి చూశాడు. పటాన్ని మెల్లిగా బల్ల మీద బోర్లించాడు. "పా, టీ తాగి వద్దాం" అన్నాడు.

నేను టీకి పోలేదు. వాళ్ళింటికి పోయి, పెరటి వసారాలో నిలబడి ఆమెకి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె లేబుల్ తీసుకుని చాలాసేపు చూసింది.

"నీలం బాగా వచ్చినాది" అంది ముందు. తర్వాత, "నీదే తప్పని తెలిస్తే ఏం చేస్తారు?"

"పంపించేస్తారు అక్కా."

"ఇంట్లో ఎందరు?"

చెప్పాను. నా సంపాదన మీదే ఉన్నవాళ్ళు.

"సరి. నువ్వు నోరు తెరవొద్దు. నన్ను పంపించేదానికి ఇంకో ఇల్లు లేదు గదా. అన్న రెండు మాటలంటాడు, అప్పురం మరిచిపోతాడు."

నేను వద్దనలేదు. ఇది మీరు సరిగ్గా వినాలి. ఆ క్షణాన నాకు ఆమె మీద కృతజ్ఞత కలగలేదు. హాయి కలిగింది. నెత్తి మీది బరువు ఎవరో దించినట్టు. ఎవరి నెత్తికి ఎత్తారో చూడలేదు.

ఆ సాయంత్రమే ఆ ఇంటి ముందరి తిన్నె మీద పంచాయితీ. అన్నగారు, మొదలాళి కూర్చున్నారు. నేను స్తంభం పక్కన నిలబడ్డాను. ఆమె తలుపు వెనక ఉంది.

"ఏమమ్మా, దిక్కు చూసుకోలేదా?" అన్నాడు అన్నగారు.

"ఔనన్నా. చూసుకోకుండా వేసేసినాను."

మొదలాళి నవ్వాడు. "తెర సందులో చూస్తే ఎడమేది, కుడేది. ఆమెని అని ఏం లాభం అయ్యా? మావాడు తిప్పేస్తాడు."

"ఏం రా, తిప్పగలవా?" అని అన్నగారు నన్ను అడిగాడు.

"తిప్పుతాను అయ్యా" అన్నాను. నా గొంతు బాగానే పలికింది.

ఆమె లెక్క తప్పింది. అన్నగారు రెండు మాటలు అనలేదు, ఒకే మాట అన్నాడు. "ఇంక చాలమ్మా ఈ బొమ్మలు. నలుగురిలో నవ్వులపాలయినాము. బండి ఇంక తోటకి ఎరువు తోలేదానికే పోతాది." నేను అప్పుడు కూడా నోరు తెరవలేదు.

రాళ్ళు అరగదీసి, మళ్ళీ గీశాను. పక్షి కుడికి నడిచింది. చెంబోత్తు నూలు ఎంత పేరు తెచ్చుకుందో మీకు తెలుసు. మొదలాళి నాకు కండువా కప్పాడు. మేస్త్రి తర్వాత రాళ్ళ గది బాధ్యత నాకే ఇచ్చారు. పటం మాత్రం ఎవరూ అడగలేదు. నా ట్రంకుపెట్టెలో పాత బట్టల కింద పెట్టాను. ఆ వీధిలోనించి పోవడం మానేశాను.

యుద్ధం వచ్చింది. రంగులు, రాళ్ళు దొరకడం కష్టమైంది. అయినా మిల్లు ఇంకో నూలుకి ఇంకో పక్షి కావాలంది. "ఆ పక్షిని తిప్పినవాడే ఇది వేస్తాడు, ఎవరినో ఎందుకు అడగాల?" అన్నాడు మొదలాళి. నేను లకుముకిపిట్ట వేయడానికి కూర్చున్నాను. ఎవరైనా వేసిన గీతని వెంట్రుకవాసి తేడా లేకుండా దింపగలను. నా అంతట నేను వేస్తే ముక్కు, రెక్క, కాళ్ళు అన్నీ ఉన్నాయి, పక్షి లేదు. మళ్ళీ వేశాను. కాళ్ళ మీద నిలబడలేదు, కొమ్మకి అతికించినట్టు ఉంది. మేస్త్రి అప్పటికి పని మానేశాడు గాని ఊసుపోక వచ్చేవాడు. చూసి, "ఏమప్పా, ఇది సచ్చి ఎన్నాళ్ళయింది?" అన్నాడు.

నిజం చెప్పడానికి నాకు ధైర్యం వచ్చిందని మీరు అనుకోకండి. పని రాలేదు. అందువల్ల చెప్పాను.

పటం గుడ్డలో చుట్టుకుని వాళ్ళింటికి పోయాను. అన్నగారి జుట్టు అంతా తెల్లబడింది. తిన్నె మీద పటం విప్పి పెట్టి, జరిగినదంతా చెప్పాను. ఆయన నన్ను తిడతాడని ఎదురుచూశాను. ఆయన పటం మీదికి వంగి చూస్తున్నాడు.

"ఇది మన తోట కంచె కదా. ఆ విరిగిన రాతి స్తంభం..." అన్నాడు. "ఇది నేను చూడలేదే."

"ఆ రోజు చూసినారు అయ్యా. మీ చేతినించే నాకు వచ్చింది."

"చేతికి వచ్చినాది. చూడలేదు."

లోపలికి తిరిగి చెల్లెల్ని పిలిచాడు. ఆమె గడప దాకా వచ్చింది. ఈసారి తలుపు వెనక నిలబడలేదు.

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదమ్మా?"

"నువ్వు అడిగినావా అన్నా? దిక్కు చూసుకోలేదా అన్నావు. పటం చూపించు అనలేదు."

ఆయన మళ్ళీ ఒకసారి పటం చూశాడు. తర్వాత చిన్నపిల్లాడిలా అడిగాడు. "మదురైకి మనుషుల్ని పంపిస్తాను. ఏ రంగులు కావాలో చెప్పు. చెయ్యి ఇంకా తిరుగుతాదా? ఇన్నాళ్ళూ వెయ్యనే లేదు గదా."

"ఎవరు చెప్పినారు? రోజూ వేస్తా ఉండాను."

"ఎక్కడ?"

"పెరట్లో బావి కాడ. నువ్వు స్నానానికి పోతా తొక్కుకుని పోతావే, అక్కడ."

భర్త లేని మనిషి కనక వీధి వాకిట్లో ముగ్గు ఆమె వేయకూడదు. పెరట్లో పిట్టల కోసం బియ్యప్పిండి చల్లితే ఎవరూ ఏమీ అనరు. ఆ పిండితోనే రోజుకొక పక్షిని వేసేది. ఎండ ఎక్కేలోగా పిచ్చికలు, చీమలు దాన్ని తినేసేవి. మిగిలినది అన్నగారి కాళ్ళకి అంటుకుని స్నానాలగదిలోకి పోయేది.

ఆయన తన పాదాల వైపు చూసుకున్నాడు. నేను చూపు తిప్పుకున్నాను.

"అక్కా, నన్ను ఏమైనా అనండి" అన్నాను.

"ఏమనేది? ఆ రోజు నోరు తెరవొద్దని చెప్పినది నేనే. అప్పురం వచ్చి కనబడొద్దని నేను చెప్పినానా?" అంది. అదొక్కటే అంది. అది ఈరోజుకీ నాలోనించి పోలేదు. నేను చేసిన తప్పుని ఆమె పొరపాటుగానే చూసింది. నేను ఆ వీధి మానేసిన సంగతే ఆమెకి తగిలింది.

ఆ తర్వాత మొదలాళికి కూడా అంతా చెప్పాను. ఆయన విని, "రెండుసార్లు తిప్పినావు, చాలప్పా. మూడోసారి తిప్పొద్దు. లేబుల్ బాగా పోతా ఉండాది" అన్నాడు. ఆమె కూడా ఊళ్ళో చెప్పొద్దంది. తన పేరు నలుగురి నోట్లో పడటం ఆమెకి ఇష్టం లేదు. ఇప్పుడు ఆమె లేదు, మొదలాళీ లేడు. అందుకని మీకు చెబుతున్నాను. చెంబోత్తు ఆమెది, లకుముకి ఆమెది. రాళ్ళు మోసింది మేము. నా కథ మళ్ళీ ఎవరికైనా చెబితే ఇలా చెప్పండి.

లకుముకి ఎలా వచ్చిందో కూడా చెప్పి ఆపుతాను. మదురై నించి రంగులు, కాగితాలు వచ్చాయి గాని ఆమె వాటిని ముట్టుకోలేదు. కుంచె పట్టుకుంటే వేళ్ళు భయపడుతున్నాయంది. "తెల్లారి రా. నేలమీద వేస్తాను, పిట్టలు దిగేలోపల నువ్వు దించుకో" అంది.

మంసాపురం నించి చీకటితోనే బయలుదేరి, వెలుగు వచ్చేసరికి ఆ పెరట్లో ఉన్నాను. అన్నగారు అప్పటికే లేచి వసారా మెట్టు మీద నిలబడి ఉన్నాడు. భుజాన తువ్వాలు ఉంది గాని కిందికి దిగడం లేదు. ఆమె బావి పక్కన వంగి పిండి వదులుతోంది. చెయ్యి ఎక్కడా ఆగలేదు. ముక్కు వచ్చింది, మెడ వచ్చింది, నీళ్ళలోకి దూకబోయే ముందు లకుముకి ఒళ్ళంతా బిగబట్టుకుంటుందే, ఆ బిగువు వచ్చింది. ప్రహరీ మీద పిచ్చికలు అప్పుడే చేరి గోల చేస్తున్నాయి.

నేను బావికి ఇవతల నిలబడి గబగబా గీస్తున్నాను. ఎందుకో కుదరడం లేదు. ఆమె నడుం ఎత్తి నా వైపు చూసి నవ్వింది.

"తమ్ముడా, ఇంకా అక్కడే నిలబడినావే? అక్కడినించి చూస్తే తలకిందులు గదా. ఈ పక్కకి రా."

అన్నగారి వైపు చూశాను. ఆయన తల ఊపాడు. పిండి తొక్కకుండా బావి చుట్టూ తిరిగి వెళ్ళి ఆమె పక్కన నిలబడ్డాను. అక్కడినించి పక్షి సరిగ్గా ఉంది.